సిడ్ ఇంటి ముందు ఆగని బండి

నల్ల టీషర్టు మీద ఒక ముక్కోణం. ఎడమవైపు నుంచి తెల్లటి గీత ఒకటి అందులోకి దూరి, కుడివైపు రంగుల పట్టీగా బయటికొస్తుంది. ఎలమంచిలి బస్టాండులో అనకాపల్లి బస్సు కోసం నిలబడ్డ కాలేజీ కుర్రాళ్లలో ఎవరో ఒకరి ఒంటి మీద ఈ బొమ్మ కనబడుతూనే ఉంటుంది. అదేమిట్రా అని అడిగితే, ఫిజిక్సు పాఠంలో బొమ్మ అంటాడొకడు, ఏదో కంపెనీ గుర్తంటాడు ఇంకొకడు. అది 1973లో వచ్చిన ఒక పాటల రికార్డు అట్ట. పేరు ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. చేసినవాళ్లు ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం. అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే రికార్డుల జాబితాలో అది 1988 దాకా మొత్తం 741 వారాలు నిలిచింది. ప్రోగ్రెసివ్ రాక్ అని పిలిచే సంగీతంలో ఇంతకన్నా పెద్ద పేరు మరొకటి లేదు.

ఆ బృందానికి పేరు పెట్టినవాడు ఆ రికార్డులో లేడు. తొలి పాటలు రాసి, పాడి, గిటారు వాయించి, వాళ్లను లోకానికి చూపించినవాడికి అప్పటికి అయిదేళ్ల కిందటే తోటివాళ్లు స్వస్తి చెప్పేశారు. ఆ రికార్డులో మతి తప్పినవాడి గురించి ఒక పాట ఉంది. అది అతని గురించే.

ఇంట్లో పెట్టిన పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న కేంబ్రిడ్జిలో పుట్టాడు. అయిదుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి మాక్స్ బారెట్ పేరున్న పాథాలజిస్టు. కుర్రాడికి బొమ్మలు వేయడం మీద మోజు, ఆ తర్వాతే గిటారు. ఊళ్లో జాజ్ వాయించే సిడ్ బారెట్ అనే పెద్దాయన ఉండేవాడు, ఆయన పేరే స్నేహితులు ఇతనికి తగిలించారు. అలా రోజర్ కాస్తా సిడ్ అయ్యాడు. 1961 డిసెంబరు 11న తండ్రి క్యాన్సర్‌తో పోయాడు. సిడ్‌కు పదహారేళ్లు నిండడానికి ఇంకా నెల కూడా లేదు. రోజూ డైరీ రాసే పిల్లవాడు ఆరోజు పేజీని ఖాళీగా వదిలేశాడని అతని జీవితకథ రాసినవాళ్లు చెబుతారు. పెద్ద ఇంట్లో గదులను తల్లి విద్యార్థులకు అద్దెకిచ్చి సంసారం నెట్టుకొచ్చింది.

అదే ఊళ్లో ఇంకో తండ్రి లేని పిల్లవాడు రోజర్ వాటర్స్. అతని తండ్రి 1944లో ఇటలీలోని అంజియో యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి వాటర్స్ నెలల బిడ్డ. అదే ఊరి మూడో కుర్రాడు డేవిడ్ గిల్మర్. కేంబ్రిడ్జి టెక్నికల్ కాలేజీలో మధ్యాహ్నం భోజనాల వేళ సిడ్, గిల్మర్ పక్కపక్కన కూర్చుని గిటారు సాధన చేసేవారు. 1965 వేసవిలో ఇద్దరూ ఫ్రాన్సు దక్షిణ తీరానికి పోయి వీధుల్లో వాయించి పోలీసులకు చిక్కారు కూడా. ఈ మూడు పేర్లూ గుర్తుంచుకోండి. ఒకడి స్థానంలో ఇంకొకడు వచ్చి నిలబడే రోజు ముందుంది.

వాటర్స్ ఆర్కిటెక్చర్ చదవడానికి లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడే డ్రమ్ములు వాయించే నిక్ మేసన్, కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ కలిశారు. సిగ్మా 6, అబ్‌డబ్స్, టీ సెట్ అంటూ నెలకో పేరు మార్చుకుంటూ పార్టీల్లో వాయించుకునేవారు. ఇళ్లు కట్టడం నేర్చుకోవలసిన వాళ్లు చదువు ఎగ్గొట్టి వాయిస్తుంటే వచ్చే సంగీతం ఎలా ఉంటుందో అలాగే ఉండేది. 1964లో సిడ్ చిత్రకళ చదవడానికి కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూలుకు వచ్చి వీళ్లతో చేరాడు. ఒకరోజు వాయించవలసిన చోట టీ సెట్ పేరుతోనే మరో బృందం ఉందని తెలిసింది. అప్పటికప్పుడు పేరు కావాలి. ఒక బ్లూస్ రికార్డు అట్ట వెనక చదివిన ఇద్దరు నల్లజాతి గాయకుల పేర్లు, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్, సిడ్‌కు గుర్తొచ్చాయి. ముందరి ముక్కలు రెండూ కలిపేశాడు.

మన దేశంతోనూ అతనికి ఒక చిన్న ముడి ఉంది. అప్పట్లో కేంబ్రిడ్జి స్నేహితులు కొందరు పంజాబులోని బియాస్‌లో ఉన్న రాధాస్వామి సత్సంగ్ గురువు చరణ్‌సింగ్ దగ్గర దీక్ష తీసుకున్నారు. సిడ్ కూడా అడిగాడు. ఇంకా చదువుకునే పిల్లవాడివి, ముందు చదువు పూర్తి చెయ్యి అని గురువు తిప్పి పంపారట. ఆ దీక్ష దొరికుంటే కథ ఇంకోలా ఉండేదని కొందరు స్నేహితులు తర్వాత అనుకున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. కానీ, తలుపు తట్టి వెనుదిరిగిన ఇరవయ్యేళ్ల కుర్రాడు తర్వాత ఏ తలుపు తీసుకుని లోపలికి పోయాడో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

1966 చివర్లో లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో, నేలమాళిగలోని ఒక ఐరిష్ డాన్సు హాల్లో యూఎఫ్‌ఓ అనే క్లబ్బు మొదలైంది. రాత్రంతా ఆట. గాజు పలకల మధ్య రంగు నూనెలు పోసి, ప్రొజెక్టరు వేడికి అవి కదులుతుంటే ఆ వెలుగును వాయించేవాళ్ల మీద వేసేవారు. సిడ్ తన గిటారుకు గుండ్రటి అద్దాలు అతికించుకున్నాడు. రంగులు ఆ అద్దాల మీద పడి హాలంతా చెదిరేవి. సిగరెట్ లైటరు తీసి తీగల మీద జారుస్తూ, ప్రతిధ్వని యంత్రంలోంచి ఆ చప్పుడును తిప్పి తిప్పి వదిలేవాడు. ఒక్క పాట పది నిమిషాలు సాగేది, ఇరవై నిమిషాలూ సాగేది. మొదలు తెలిసేది గానీ చివర ఎక్కడో వాయించేవాళ్లకే తెలిసేది కాదు. మూడు నిమిషాల పాటలకు అలవాటుపడ్డ ఇంగ్లండులో ప్రోగ్రెసివ్ రాక్ అన్నది ఇలాంటి రాత్రుల్లోనే కళ్లు తెరిచింది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పే పీటర్ జెన్నర్, అతని స్నేహితుడు ఆండ్రూ కింగ్ మేనేజర్లయ్యారు. వచ్చిన డబ్బు ఆరుగురూ సమానంగా పంచుకోవాలని ఒప్పందం. 1967 ఫిబ్రవరిలో ఈఎంఐ కంపెనీ అయిదు వేల పౌండ్ల అడ్వాన్సు ఇచ్చి తీసుకుంది. మార్చిలో మొదటి పాట ‘ఆర్నాల్డ్ లేన్’ వచ్చింది. సిడ్ తల్లి, వాటర్స్ తల్లి ఇద్దరి ఇళ్లలోనూ అద్దెకున్న ఆడపిల్లలు తీగల మీద ఆరేసుకున్న లోదుస్తులను ఎవడో రాత్రిళ్లు ఎత్తుకుపోయేవాడు. సిడ్ ఆ దొంగ మీదే పాట కట్టాడు. రేడియో లండన్ వేయనంది. అయినా అది అమ్మకాల జాబితాలో ఇరవయ్యో స్థానం దాకా ఎక్కింది. జూన్‌లో ‘సీ ఎమిలీ ప్లే’ ఆరో స్థానానికి పోయింది.

ఆగస్టులో మొదటి ఆల్బం, ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’. ఆ పేరు కెనెత్ గ్రాహం రాసిన పిల్లల పుస్తకంలోని ఒక అధ్యాయానిది. అబీ రోడ్ స్టూడియోలో వీళ్లు దాన్ని రికార్డు చేస్తున్నప్పుడే పక్క గదిలో బీటిల్స్ ‘సార్జెంట్ పెపర్’ ముగిస్తున్నారు. పదకొండు పాటల్లో ఎనిమిది సిడ్ ఒక్కడే రాశాడు. ఒక పాటలో గ్రహాలూ ఉపగ్రహాలూ, ఇంకొకదానిలో సియామీ పిల్లి, మరోదానిలో పొలంలో దిష్టిబొమ్మ, చివర్న ఒక సైకిలు. తర్వాత పింక్ ఫ్లాయిడ్ ఇంతకన్నా ఎంతో పెద్ద సంగీతం చేసింది, ఒప్పుకుంటాను. ఇంత నవ్వు మాత్రం దాని సంగీతంలో మళ్లీ వినబడలేదు. సిడ్‌కు అప్పుడు ఇరవయ్యొక్క ఏళ్లు.

ఆ ఆగస్టుకే అతను జారిపోతున్నాడు.

ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడకం ఎక్కువైంది. లండన్‌లో అతనుండే క్రామ్‌వెల్ రోడ్డు ఇంట్లో ఆ మందు మంచినీళ్లంత సులువుగా దొరికేది. మాత్రలు మింగేవాళ్లు ఆ ఇంటినిండా ఉన్నారు, వాళ్లలో చాలామంది తర్వాత పెళ్లిళ్లు చేసుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. సిడ్‌కు అది పడలేదు. లోపల ముందే ఏదో ఉందని, మందు దాన్ని తట్టి లేపిందని కొందరు అన్నారు. చెల్లెలు రోజ్‌మేరీ మాత్రం అన్నకు పిచ్చి అని లోకం వేసిన ముద్రను చివరిదాకా ఒప్పుకోలేదు.

మందు ఒక్కటే కాదు. పాట ఒకటి హిట్టయ్యాక జనం దాన్నే అడుగుతారు. మా వైపు తీర్థాల్లో రాత్రంతా పద్యనాటకం ఆడినప్పుడు, కృష్ణ వేషధారి రాయబారం పద్యం ఎత్తుకుని ముగించగానే జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక లేస్తుంది. పీసపాటి నరసింహమూర్తి లాంటి కృష్ణుల కోసం జనం బళ్లు కట్టుకొచ్చింది ఆ పద్యాల కోసమే. మన నటుడికి ఆ కేక అన్నం పెడుతుంది, తర్వాతి ఊరి పిలుపు తెచ్చిపెడుతుంది. సిడ్‌కు ఆ కేక గొంతు మీద కత్తి అయింది. లండన్ దాటి చిన్న ఊళ్లకు పోతే, డాన్సు హాళ్లలో కుర్రకారు రేడియోలో విన్న మూడు నిమిషాల పాట కావాలని గోల చేసేవారు, ఇరవై నిమిషాల పాట ఎత్తుకుంటే బీరు విసిరేవారు. నిన్న వాయించినట్టు ఇవాళ వాయించడం అతనికి చేతకాదు. చేతనయినా ఇష్టం లేదు. బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’లో ఆ జూలైలో మూడుసార్లు కనబడ్డారు. మొదటిసారి పట్టుచొక్కాలతో మెరిసిపోయినవాడు మూడోసారికి మాసిన బట్టల్లో, అసలు రానని మొండికేసి వచ్చాడు. ఆ నెలాఖరులో మరో బీబీసీ రికార్డింగు మధ్యలో లేచి వెళ్లిపోయాడు.

నరాల అలసట అని పత్రికలకు చెప్పారు. స్పెయిన్ దీవి ఫార్మెంటేరాకు డాక్టరు స్నేహితుణ్ణి తోడిచ్చి పంపారు. ఆర్.డి.లెయింగ్ అనే పేరున్న మనోవైద్యుడికి చూపించాలని వాటర్స్ తీసుకెళ్తే సిడ్ కారు దిగలేదు. ప్రయత్నం చేయలేదని వాళ్లను అనలేం. అయితే ఒక్క పని మాత్రం ఎవరూ చేయలేదు. ప్రదర్శనలను ఎక్కువకాలం ఆపలేదు.

అమెరికా యాత్ర మొదలైంది. ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ టీవీ కార్యక్రమంలో రికార్డు మోగుతుంటే పెదాలు కదిపితే చాలు. సిడ్ పెదాలు కదీకదలనట్టు ఉన్నాయి. పాట్ బూన్ తన కార్యక్రమంలో ప్రశ్నలడిగితే చూపు నిలిపి ఉలకలేదు, పలకలేదు. వేదిక మీద గిటారు తీగలను ఒక్కొక్కటీ వదులు చేస్తూ నిలబడిపోయిన రాత్రి కూడా ఉంది. యాత్రను మధ్యలోనే కట్టిపెట్టి ఇంటికొచ్చారు. వచ్చీరాగానే గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌తో కలిసి ఇంగ్లండు అంతా తిరిగే మరో యాత్ర, రోజుకు రెండు ఆటలు. సిడ్ రాని రోజున వేరే బృందంలోని డేవిడ్ ఒలిస్ట్ అనే కుర్రాణ్ణి నిలబెట్టి వాయింపించారు.

డిసెంబరులో మేసన్ వెళ్లి గిల్మర్‌ను అడిగాడు. చిన్ననాటి స్నేహితుడి పక్కన నిలబడి, అతని పాటలే వాయిస్తూ, అతను తడబడిన చోట అందుకోవడం గిల్మర్ పని. సిడ్ ఇంట్లో ఉండి పాటలు రాస్తే చాలు, వేదిక ఎక్కనక్కర్లేదన్న ఆలోచన కూడా నడిచింది. 1968 జనవరిలో కొద్ది ప్రదర్శనలకు అయిదుగురూ కలిసి వాయించారు. ఒకరోజు సిడ్ కొత్త పాట నేర్పించాడు. వాళ్లు అందుకోబోయేసరికి వరస మార్చాడు, మళ్లీ అందుకుంటే మళ్లీ మార్చాడు. వచ్చిందా అని అడుగుతూనే పాడాడు. ఎప్పటికీ రాదని వాటర్స్‌కు చాలాసేపటికి అర్థమై గిటారు కింద పెట్టేశాడు. నాకైతే అది పిచ్చి పని అనిపించదు. తన చోటు ఎవరికిచ్చారో తెలిసినవాడు చేసిన ఎగతాళి అది.

జనవరి 26. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఆట. నలుగురూ బండిలో ఉన్నారు, దారిలో సిడ్‌ను ఎక్కించుకోవాలి. సిడ్‌ను ఎక్కించుకుందామా అని ఎవరో అడిగారు. వద్దులే అని ఇంకెవరో అన్నారు. అంతే. గొడవ పడలేదు, కంటతడి పెట్టలేదు, తలుపు కొట్టి సంగతి చెప్పలేదు. బండి సాగిపోయింది.

ఆ తర్వాత ఏ రోజూ అతన్ని ఎక్కించుకోలేదు. ఏప్రిల్ 6న సిడ్ బృందంలో లేడని అధికారికంగా ప్రకటించారు. మేనేజర్లిద్దరూ సిడ్ వైపే ఉండిపోయారు. పింక్ ఫ్లాయిడ్ అంటే అతనేనని, మిగతా నలుగురికీ ముందుదారి లేదని వాళ్ల లెక్క. వ్యాపారంలో ఇంత తప్పిన లెక్కలు తక్కువ.

జూన్‌లో వచ్చిన రెండో ఆల్బంలో సిడ్ పాట ఒక్కటే మిగిలింది, అదీ చిట్టచివర. దాని పేరు ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’. రికార్డింగుకు సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్ మేళాన్ని పిలిపించి, మీకేది తోస్తే అది వాయించండి అన్నాడు. క్రమశిక్షణకు పెట్టింది పేరైన ఆ వాద్యగాళ్లు తెల్లబోయారు. తనను తోటివాళ్లు చూడడం మానేశారని తెలిసిన మనిషి, మర్యాద తప్పకుండా వాళ్లకు కృతజ్ఞతలు చెబుతున్నట్టు ఉంటుంది ఆ పాట. బండి ఆగకపోవడానికి కొన్ని నెలల ముందే దాన్ని రాశాడు.

ఆ పైన కథ వేగంగా కిందికి దిగుతుంది. 1970లో రెండు సొంత ఆల్బములు వచ్చాయి. వాటిని గట్టెక్కించింది గిల్మర్, వాటర్స్, రైట్‌లే. వదిలేసినవాళ్లే వచ్చి మోశారు, ఇది కూడా రాయాలి. ఆ జూన్‌లో లండన్ ఒలింపియా హాల్లో గిల్మర్ పక్కన వాయిస్తుండగా నాలుగు పాటలకే గిటారు దించేసి వేదిక దిగిపోయాడు. 1972లో కేంబ్రిడ్జిలో స్టార్స్ అనే చిన్న బృందంతో కొద్దిసార్లు కనబడ్డాడు. పత్రికలో ఒక చేదు సమీక్ష వచ్చింది, అదీ ముగిసింది. ఇరవయ్యారేళ్లకే వేదిక అయిపోయింది.

1975 జూన్ 5, అబీ రోడ్ స్టూడియో. ‘విష్ యు వర్ హియర్’ ఆల్బం పని నడుస్తోంది. ఆ రోజు చేతిలో ఉన్నది సిడ్‌ను తలుచుకుని కట్టిన పాట, ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’. బాగా లావెక్కిన ఒక మనిషి లోపలికొచ్చాడు. గుండు, గొరిగేసిన కనుబొమలు, చేతిలో ప్లాస్టిక్ సంచి. స్టూడియో మనిషి కాబోలని వాళ్లు పట్టించుకోలేదు. ఒకరి తర్వాత ఒకరికి చాలాసేపటికి తెలిసింది. తెలిశాక వాటర్స్ ఏడ్చాడు. ఏడేళ్లలో ఆ ముఖం గుర్తుపట్టలేనంత మారిపోయింది. ఎవరి కోసం పాట కడుతున్నారో అతను గదిలోకి వస్తే పోల్చుకోలేకపోయారు. పాటలో ఉన్నవాడు అద్దాల గిటారు పట్టిన అందగాడు. అతని కోసం దుఃఖించడం తేలిక. ఎదురుగా కూర్చున్న గుండు మనిషితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. కాసేపుండి వెళ్లిపోయాడు. బృందంలో చాలామందికి అదే కడసారి చూపు.

పింక్ ఫ్లాయిడ్ మహాసౌధంలో మూలస్తంభాలు ఈ దుఃఖం మీదే లేచాయి. చంద్రుడి చీకటి వైపు వెళ్లిన మనిషి, పక్కన లేని మిత్రుడు, ఆ తర్వాత ‘ద వాల్’లో గోడ కట్టుకుని లోపలే ఉండిపోయిన గాయకుడు, వీళ్లందరిలోనూ సిడ్ పోలికలున్నాయి. మనిషిని దారిలో దించి, శోకాన్ని మాత్రం వెంట తీసుకెళ్లారు. ఆ శోకం నకిలీ అని నేననను. దానితో కోట్లు రావడం వాళ్ల నేరమూ కాదు. అతని పాటల మీద రావలసిన డబ్బు అతనికి చేరేలా గిల్మర్ చూశాడు. అయినా ఈ లెక్క నాకు సరిపడదు.

సిడ్ 1980ల మొదట్లో లండన్ నుంచి కేంబ్రిడ్జికి, యాభై మైళ్ల పైచిలుకు దూరం, నడిచే వచ్చేశాడని చెబుతారు. ఆ పైన పాతికేళ్లు ఒక మామూలు ఇంట్లో ఉన్నాడు. సిడ్ అంటే పలికేవాడు కాదు, మళ్లీ రోజర్ అయ్యాడు. తోటపని చేసుకున్నాడు, సైకిలు మీద బజారుకు వెళ్లొచ్చాడు. బొమ్మ వేసి, ఫొటో తీసి, బొమ్మను తగలబెట్టేవాడు. అభిమానులు, పత్రికలవాళ్లు తలుపు కొడుతూనే ఉండేవారు. 1991లో తల్లి పోయింది. షుగరు జబ్బు పట్టుకుంది. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో లైవ్ 8 కచేరీ వేదిక మీద నలుగురూ చాలా ఏళ్ల తర్వాత కలిసి వాయించినప్పుడు, రానివాళ్ల కోసం, ముఖ్యంగా సిడ్ కోసం అని చెప్పి వాటర్స్ పాట ఎత్తుకున్నాడు. ఏడాది తిరిగి, 2006 జూలై 7న, అరవయ్యేళ్ల వయసులో సిడ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. తండ్రిని తీసుకెళ్లిందీ క్యాన్సరే. అదే ఏడాది నవంబరులో అతని సైకిళ్లు, సామాన్లు, మిగిలిన కొద్ది బొమ్మలు వేలం వేస్తే లక్షా ఇరవై వేల పౌండ్ల దాకా వచ్చాయి. మరణ ధ్రువపత్రంలో వృత్తి అన్నచోట ‘విశ్రాంత సంగీతకారుడు’ అని రాశారు.

ఈ పతనంలో దుర్మార్గుడు లేడు. పాతికేళ్లయినా నిండని అయిదుగురు కుర్రాళ్లున్నారు, వాళ్లను ఊరూరా తిప్పిన పరిశ్రమ ఉంది, మనసు జబ్బును ఫ్యాషన్‌గా చూసిన ఒక కాలం ఉంది. ఈ మూడింటిలో నేను ఎక్కువ తప్పు పట్టేది పరిశ్రమను. ఒక ఏడాది విశ్రాంతి ఇచ్చి ఉంటే సిడ్ బాగుపడేవాడని చెప్పలేను, ఇవ్వవలసిందని మాత్రం చెప్పగలను.

ముక్కోణం బొమ్మ టీషర్టు వేసుకునే కుర్రాళ్లకు ఒక మాట. ఆ రికార్డు వినండి, బాగుంటుంది. దానికి ముందు ‘పైపర్’ వినండి. అతని కోసం తోటివాళ్లు ఏడ్చిన పాటలు లోకమంతా విన్నది, అతను నవ్వుతూ కట్టిన పాటలు విన్నవాళ్లు తక్కువ.